మౌనం అంగీకారమవుతుందా? ఉచిత ట్రయల్ చందాలపై షరీఅత్ దృష్టి

పండ్ల బండివాడు రుచి చూడమని రెండు ద్రాక్షపండ్లు మన చేతిలో పెడతాడు. తీయగా ఉంటే కొంటాం, లేకుంటే ముందుకు సాగిపోతాం. ఇందులో దాపరికం లేదు. ‘రుచి చూశావు, వద్దనలేదు, కాబట్టి వారం వారం నీ ఇంటికి ఐదు కిలోలు పంపి డబ్బు వసూలు చేస్తాను’ అని ఏ బండివాడూ అనడు. అన్నా ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. కాని ఇదే పని సెల్ ఫోన్ తెర మీద జరిగితే మనం ఆశ్చర్యపోవడం కూడా మానేశాం.

‘ఏడు రోజులు ఉచితం’, ‘మొదటి నెల ఉచితం’ అనే ప్రకటనలు నేడు చూడని ఇల్లు లేదు. సినిమాలు, పాటల సంగతి అటుంచండి. పిల్లల ఇంగ్లీషు పాఠాలు, బరువు తగ్గించే సలహాలు, ఫోటోలు దిద్దే అప్లికేషన్లు ఇలాగే వస్తున్నాయి. నమాజు వేళలు తెలిపే, ఖుర్ఆన్ పఠనం నేర్పే అప్లికేషన్లలో సైతం కొన్ని ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి. ఉచితమే అయినా ముందుగా కార్డు నంబరు ఇవ్వమంటారు, లేదా యూపీఐ ద్వారా ఆటోపేకు అనుమతి అడుగుతారు. గడువు ముగిసేలోగా మనంతట మనం రద్దు చేసుకోకపోతే చందా మొదలైపోతుంది. నెల నెలా, కొన్నిచోట్ల ఏడాది మొత్తానికి ఒకేసారి, సొమ్ము కోతపడుతుంది. వ్యాపార పరిభాషలో దీనికి ‘నెగటివ్ ఆప్షన్’ అని పేరు. అంటే, వద్దని చెప్పనంతవరకు కావాలన్నట్లే లెక్క.

ఇక్కడ విశ్వాసి ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. ఇలా తీసుకున్న సొమ్ము వ్యాపారికి హలాల్ అవుతుందా? ‘నేను మరచిపోయాను’ అనే వినియోగదారుడి మాట షరీఅత్‌లో చెల్లుతుందా? చాలామంది మొదటి ప్రశ్న మాత్రమే అడుగుతారు. రెండవది కూడా అడిగితేనే న్యాయం.

దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 29వ ఆయతులో, ఒకరి సొమ్మును మరొకరు అధర్మంగా తినరాదనీ, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారమే ధర్మసమ్మతమనీ అల్లాహ్ ఆదేశించాడు. కనుక అసలు విషయమంతా అంగీకారం మీదే ఆధారపడి ఉంది. మరి ఏమీ మాట్లాడకుండా ఊరుకోవడం అంగీకారమేనా?

ఈ ప్రశ్న మన ఫుఖహాకు కొత్తది కాదు. ఉస్మానియా ప్రభుత్వం 19వ శతాబ్దంలో హనఫీ ఫిఖహ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ అనే న్యాయస్మృతిలో 67వ నిబంధన దీని గురించే. మౌనంగా ఉన్నవాడికి ఏ మాటనూ అంటగట్టరాదు, అయితే మాట్లాడి తీరవలసిన సందర్భంలో మౌనం వహిస్తే అది మాట్లాడినట్లే పరిగణించబడుతుంది అన్నది దాని సారాంశం. రెండు భాగాలనూ కలిపి చూడాలి. ఒకడు మన సొమ్మును మన కళ్ల ముందే మరొకడికి అమ్ముతుంటే మనం నోరు మెదపకపోయినంత మాత్రాన అతను మన వకీలు అయిపోడు, ఆ అమ్మకం మన మీద చెల్లదు. ఇది మొదటి భాగానికి ఉదాహరణ. కన్య నికాహ్ విషయంలో వలీ ఆమెను అడిగినప్పుడు ఆమె మౌనమే అనుమతి అని హదీసుల్లో ఉంది. ఇది రెండవ భాగానికి ఉదాహరణ. తేడా ఎక్కడుందో గమనించండి. అక్కడ ఆమెను స్పష్టంగా అడిగారు, దేని గురించి అడుగుతున్నారో ఆమెకు తెలుసు, కాదనే అవకాశం ఆమె చేతిలో ఉంది. ఈ మూడూ ఉన్నచోటే మౌనానికి అర్థం ఏర్పడుతుంది.

ఇక ‘ట్రయల్’ విషయానికొద్దాం. వస్తువును కొని, కొద్ది రోజులు ఆలోచించుకుని, నచ్చకపోతే తిరిగి ఇచ్చే హక్కును మన ధర్మశాస్త్రంలో ‘ఖియారె షర్త్’ అంటారు. హజ్రత్ హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (రజి) అనే సహాబీకి తలకు తగిలిన గాయం వల్ల బేరసారాల్లో తెలివి చాలక మోసపోతుండేవారు. ఆయన వ్యాపారం మాన్పించాలని ఇంటివారు కోరుకున్నారు. దైవప్రవక్త (స) మాత్రం ఆయనకు ఒక మాట నేర్పారు. కొనేటప్పుడు మోసం ఉండరాదని ముందే చెప్పేయాలి, ఆపై మూడు రోజులు ఆలోచించుకునే హక్కు ఆయనకుంటుంది. ఎంతటి దయార్ద్ర హృదయమో చూడండి! మోసపోయేవాడిని బజారు నుండి వెళ్లగొట్టలేదు, బజారునే అతనికి అనుకూలంగా మలిచారు. ఈ గడువు మూడు రోజులకు మించరాదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయం. గడువు ఎంతో ముందుగా తెలిసి ఉంటే ఎక్కువ రోజులైనా ఫరవాలేదని ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) అన్నారు. అయితే గడువు లోపల వద్దనకపోతే బేరం ఖాయమైపోతుందనే విషయంలో వారి మధ్య భేదం లేదు.

కంపెనీలు పట్టుకోదగిన ఆధారం ఇదే. నిజం చెప్పాలంటే కొంతవరకు వారి మాట సరైనదే. ధర ఎంతో, ఏ తేదీన కోతపడుతుందో, ఎలా రద్దు చేసుకోవాలో మొదటి తెర మీదే పెద్ద అక్షరాలతో చెప్పి, రద్దు చేసుకోవడం చేరినంత సులువుగా ఉంచి, గడువుకు ముందు గుర్తు కూడా చేస్తే, అప్పుడు ఊరుకున్నవాడి మౌనం మాట్లాడవలసిన చోట మౌనమే. అతను మరచిపోయినంత మాత్రాన వ్యాపారి సొమ్ము హరామ్ కాదు.

అద్దె విషయంలో ‘హిదాయా’లో ఉన్న ఒక మస్అలా ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. చందా అనేది అద్దెకే దగ్గర కదా! ఒకడు ‘నెలకు ఒక దిర్హమ్’ అని చెప్పి ఇల్లు తీసుకున్నాడు, ఎన్ని నెలలో చెప్పలేదు. ఆ ఒప్పందం ఒక్క నెలకే చెల్లుతుంది. రెండవ నెల మొదలయ్యాక అతను ఆ ఇంట్లో కొద్దిసేపు నివసించినా ఆ నెలకూ ఒప్పందం ఖాయమవుతుంది. అంటే నెల నెలా దానంతటదే సాగిపోయే ఒప్పందాన్ని షరీఅత్ పూర్తిగా కాదనలేదు, కాని అతను అక్కడ ఉంటున్నాడా లేదా అన్నది చూసింది. కాబట్టి చందా కోతపడ్డాక కూడా ఆ నెలంతా వాడుకుని, చివరిలో ‘నాకు తెలియదు, నా డబ్బు నాకివ్వండి’ అనడం ధర్మం కాదు. అసలు తెరిచి కూడా చూడనివాడి సంగతి వేరు. ఇల్లు ఖాళీ చేసినవాడు తాళంచెవి అప్పగించాలి కదా అనవచ్చు. నిజమే, అప్పగించాలి. అయితే తాళంచెవి తీసుకునే మనిషినే యజమాని దాచిపెడితే తప్పెవరిది?

ఇక్కడే అసలు రోగం ఉంది. అనేక సంస్థలు చేరే దారిని రాచబాటగా, బయటపడే దారిని ముళ్లబాటగా చేసి పెట్టాయి. అమెరికాలో వాణిజ్య వ్యవహారాలను పర్యవేక్షించే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో అమెజాన్ సంస్థపై దావా వేసింది. ప్రైమ్ చందాను రద్దు చేసుకోవాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఎంపికలు దాటవలసి వచ్చేదని, ఆ ప్రక్రియకు సంస్థ లోపల ‘ఇలియడ్’ అని పేరు పెట్టుకున్నారని ఆ దావాలో ఆరోపించింది. ఇలియడ్ అంటే యుద్ధం గురించిన సుదీర్ఘమైన గ్రీకు కావ్యం. పేరు పెట్టినవారికి తాము ఏం చేస్తున్నారో బాగా తెలుసన్నమాట! 2025 సెప్టెంబరులో ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి.

మన దేశంలోనూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీ చేసి, తెర మీద మోసపుచ్చే 13 పద్ధతులను పేర్కొంది. చందా ఉచ్చు వాటిలో ఒకటి. రద్దు చేసుకునే మార్గాన్ని దాచడం, దాన్ని చిక్కులమయం చేయడం, ఉచిత చందాకు సైతం ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా తీసుకోవడం దాని కిందికి వస్తాయి.

చట్టం ఇప్పుడు చెబుతున్నదాన్ని మన ప్రవక్త (స) మదీనా బజారులోనే చేసి చూపారు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని ఆ వ్యాపారి చెప్పుకున్నాడు. అలాగైతే తడిసిన దాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు, మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ వ్యాపారి అబద్ధమాడలేదు సుమా! తడి ధాన్యం రాశిలోనే ఉంది, కాని అడుగున ఉంది. నేడు ‘షరతులు వర్తిస్తాయి’ అని అడుగున, లేత బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాలతో రాసేవారు ‘మేము రాశాం కదా’ అంటే ఆ జవాబు ఈ హదీసు ముందు నిలవదు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) స్వయంగా బట్టల వ్యాపారి. ఒకసారి తన భాగస్వామికి సరుకు పంపుతూ, ఫలానా వస్త్రంలో లోపముంది, అమ్మేటప్పుడు చెప్పమన్నారు. ఆయన చెప్పడం మరచిపోయి అమ్మేశారు, కొన్నదెవరో తెలియలేదు. ఇమామ్‌గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారు. మరచిపోయినందుకే అలా చేశారు. ఇక్కడ తెలిసి దాచుతున్నారు.

ఈ మాట ముఖ్యంగా మన యువకుల కోసం చెబుతున్నాం. హైదరాబాదు, బెంగుళూరుల్లో, గల్ఫ్‌లో ఎంతోమంది ముస్లిం యువతీయువకులు కంప్యూటర్ కంపెనీల్లో పనిచేస్తున్నారు. ‘రద్దు’ అనే బటన్‌ను ఎవరికీ కనిపించనిచోట పెట్టమని పైఅధికారి చెబితే పెట్టేది వారి వేళ్లే. పాపకార్యంలో పరస్పరం తోడ్పడవద్దని అల్ మాయిదా సూరా 2వ ఆయతులో వచ్చిన ఆదేశం జీతగాడికీ వర్తిస్తుంది. ఉద్యోగం వదిలేయమని మేము తొందరపెట్టం. కాని అభ్యంతరం చెప్పడం, మరో పని అడగడం, ఆ దేశపు చట్టమే దీన్ని నిషేధించిందని రాతపూర్వకంగా తెలపడం వారి చేతిలో ఉన్నవే.

వినియోగదారులుగా మన వైపు కూడా కొన్ని అలవాట్లు సరిదిద్దుకోవాలి. ట్రయల్ తీసుకుని, నచ్చక గడువులోగా రద్దు చేసుకోవడంలో తప్పేమీ లేదు. అసలు ఆ హక్కు ఉన్నదే అందుకు. తీసుకున్న రోజే రద్దు చేసినా సరే. కాని ఒక మనిషికి ఒకేసారి అని వారు షరతు పెట్టినప్పుడు, అన్న పేరు మీద ఒకటి, అమ్మీ పేరు మీద ఒకటి, లేని పేరు మీద ఇంకొకటి ఈ-మెయిళ్లు సృష్టించి నెల నెలా ఉచితంగా వాడుకోవడం మోసమే. కంపెనీ పెద్దదని, దాని యజమాని ముస్లిం కాదని చెప్పే సాకులకు షరీఅత్‌లో చోటు లేదు. అలాగే తానే అనుమతి ఇచ్చి, బ్యాంకుకు మాత్రం ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’ అని ఫిర్యాదు రాయడం అబద్ధపు సాక్ష్యం. ‘ముందుగా స్పష్టంగా చెప్పలేదు’ అని ఉన్నదున్నట్లు రాయవచ్చు.

క్రెడిట్ కార్డు ఉన్నవారికి మరో ప్రమాదం పొంచి ఉంది. వడ్డీ పడకుండా గడువులోగా బిల్లంతా కట్టేస్తామనే నిశ్చయంతో కార్డు వాడే దీనీ సోదరులు ఎందరో ఉన్నారు. వాడడం మానేసిన కార్డు మీద తెలియకుండా రూ. 499 చందా పడిందనుకోండి. బిల్లు చూసేవాడు లేడు. గడువు దాటితే ఆలస్య రుసుము, ఆపై వడ్డీ. జీవితంలో వడ్డీ ముట్టని మనిషి ఖాతాలో ఈ విధంగా వడ్డీ చేరుతుంది. కనుక ట్రయల్‌కు క్రెడిట్ కార్డు ఇవ్వకపోవడమే మంచిదని మా సలహా.

మన దేశపు బ్యాంకు కార్డులకు కొంత రక్షణ ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చాక, పదే పదే కోతపడే చెల్లింపుకు మొదటిసారి ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి అయింది. ప్రతి కోతకూ కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం పంపాలి, అందులో వద్దనే అవకాశం కూడా ఇవ్వాలి. 2022 జూన్‌లో పరిమితిని రూ. 15,000కు పెంచారు. అంటే ఆ మొత్తం లోపు కోతలకు మళ్లీ ఓటీపీ అడగరు. బ్యాంకు పంపే ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని తుడిచేస్తే రక్షణ అక్కడితో సరి. సౌదీ, కువైట్‌లలో ఉన్న మన సోదరుల కార్డులు అక్కడి బ్యాంకులవి కనుక వాటికి ఈ నిబంధన వర్తించదు. వారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో పొరపాటు ఇళ్లలో సర్వసాధారణం. ఫోన్ నుండి అప్లికేషన్‌ను తీసేస్తే చందా కూడా పోయిందనుకుంటారు. పోదు. గూగుల్ ప్లేలో, ఆపిల్ ఫోన్‌లో చందాల జాబితా వేరుగా ఉంటుంది, అక్కడికి వెళ్లి రద్దు చేయాలి. ఆపిల్‌లో గడువుకు కనీసం ఒక రోజు ముందే చేయాలి. యూపీఐ ద్వారా అనుమతి ఇచ్చి ఉంటే ఆ యాప్‌లోనే ఆటోపే భాగంలోకి వెళ్లి ఆపవచ్చు.

పిల్లల సంగతి. తెలివి వచ్చినా ఇంకా బాలిగ్ కాని పిల్లవాడు చేసిన కొనుగోలు వలీ అనుమతి మీద ఆధారపడి ఉంటుందని హనఫీ ఫుఖహా తీర్పు. తండ్రి కాదంటే అది చెల్లదు. కాని అవతలి కంపెనీకి కనిపించేది తండ్రి కార్డే, పిల్లవాడు కాదు. అందుచేత అబ్బా ఫోన్‌లో కార్డు వివరాలు దాచి ఉంచడం, పిన్ నంబరు పిల్లలకు చెప్పడం మానుకోవాలి.

ఇప్పటికే కోతపడినవారు ముందుగా చందా రద్దు చేసి, వాడుకోలేదన్న విషయం చెబుతూ కంపెనీకి రాయాలి. చాలా సంస్థలు వెంటనే అడిగితే తిరిగి ఇస్తాయి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఇలా తిరిగి వచ్చిన సొమ్ము హలాలేనా, సదఖా చేసేయాలా అని అడిగేవారున్నారు. అది మన సొమ్మే, మన వద్దకే తిరిగి వచ్చింది, ఇంటి ఖర్చుకు నిశ్చింతగా వాడుకోవచ్చు. కోతపడ్డాక కొన్ని రోజులు వాడుకుని ఉంటే మాత్రం ఆ మేరకు అడగకుండా మిగిలినదే అడగాలి.