యోగా మానేస్తే తప్పా?

ప్రశ్న: నా వయసు 41. మూడేళ్లుగా మైసూరు పద్ధతి అష్టాంగ యోగా వారానికి ఆరు రోజులు చేస్తున్నాను. మోకాలు నొప్పి అంటే, ఓర్చుకుంటేనే ఫలితం అంటారు మాస్టారు. విరక్తి పుడుతోంది. మానేస్తే తప్పు చేసినట్టుంటుందేమో!
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: తప్పేమీ లేదమ్మా. ఈ పద్ధతికి మూలపురుషుడు కృష్ణమాచార్య. 1930లలో మైసూరు ప్యాలెస్‌లో ఆయన దగ్గర నేర్చుకున్నది ఎక్కువగా కుర్రాళ్లు. తర్వాత చెన్నైలో ఆయనే మనిషి వయసునీ ఒంటినీ బట్టి ఆసనాలు మార్చి నేర్పారు. గురువే మార్చుకున్నాక మనకెందుకు మొండితనం?

పద్మాసనంలో తుంటి తిరగకపోతే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. దాన్ని ఓర్చుకోవడం సాధన కాదు. పద్మాసనం, లోతుగా ముందుకు వంగేవి ఆపండి. మాస్టారు ఒంటిమీద చెయ్యి వేసి నొక్కబోతే వద్దని చెప్పండి, నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. కొన్నాళ్లు కుర్చీ సాయంతో తేలికైనవి, కాసేపు ప్రాణాయామం చాలు. ఎండాకాలం మన ఉక్కపోతలో చెమటను చూసి కష్టాన్ని కొలవకండి.

మోకాలు వాచినా, పట్టేసినా, రెండు వారాల్లో నొప్పి తగ్గకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి. నడుం నుంచి కాలిలోకి తిమ్మిరి దిగితే ఆలస్యం చేయొద్దు. మూత్రం పట్టు తప్పితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.