ట్రాక్టరు లిఫ్టు మొరాయిస్తే..

తొలకరి పడి నేల పదునెక్కాక రైతుకు ఒక్కో గంటా విలువైనదే. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు వెనక కట్టిన గొర్రు పైకి లేవనంటుంది. లేచినా గట్టు దగ్గర బండి తిప్పేలోపే కిందికి జారిపోతుంది. డ్రైవరు లివరును నాలుగుసార్లు అటూ ఇటూ లాగి 'పంపు పోయింది' అని తేల్చేస్తాడు. మెకానిక్కు కబురు వెళుతుంది. ఆయన వచ్చి లిఫ్టు మూత విప్పేసరికి రెండు రోజులు గడుస్తాయి. ఈలోగా పదును ఆరిపోతుంది. తీరా చూస్తే పంపు బాగానే ఉంటుంది. నూనె తగ్గడమో, జాలీ పూడుకుపోవడమో, ట్రాలీ కోసం తిప్పిన పిడిని తిరిగి యథాస్థానానికి తేకపోవడమో అసలు కారణమని తేలుతుంది.

ఎకరం, రెండెకరాల రైతుల్లో పాత బండి కొన్నవారుంటారు, అన్నదమ్ములు కలిసి కొనుక్కున్నవారుంటారు, గంటల లెక్కన అద్దెకు తెచ్చుకునేవారుంటారు. వీరిలో ఎవరికైనా లిఫ్టు ఎలా పనిచేస్తుందో, ఆగితే ఏది ముందు ఏది వెనక చూడాలో తెలిసి ఉంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

లిఫ్టు పనిచేసే తీరు

ఇప్పటి ట్రాక్టర్ల వెనక ఉండే మూడు లింకుల కట్టును రూపొందించింది ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్. ఈ కట్టుతో ఆయన ట్రాక్టర్లు 1936లో అమ్మకానికి వచ్చాయి. అప్పటి నుంచి పద్ధతి పెద్దగా మారలేదు.

గేరుబాక్సులో లేదా విడి తొట్టిలో ఉండే నూనెను పంపు ఒక జాలీ గుండా పీల్చుకుని, ఒత్తిడితో కంట్రోల్ వాల్వుకు పంపుతుంది. లివరు ఎత్తినప్పుడు వాల్వు ఆ నూనెను సిలిండరులోకి వదులుతుంది. నూనె పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ చేతులను లేపితే, వాటికి తగిలించిన కింది లింకులు పనిముట్టును లేపుతాయి. లివరు దించితే నూనె తిరిగి తొట్టిలోకి పోతుంది. ఒత్తిడి హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వు కాపాడుతుంది.

చిన్న లెక్క చూద్దాం. పిస్టన్ అడ్డుకొలత 9 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం సుమారు 63 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలుంటే పిస్టన్ మీద దాదాపు 9,500 కిలోల బలం పడుతుంది. పిస్టన్ 10 సెంటీమీటర్లు జరిగితే లింకుల చివర 65 సెంటీమీటర్లు లేస్తుందనుకుంటే, అక్కడికి చేరే బలం సుమారు 1,450 కిలోలు. పంపు అరిగి ఒత్తిడి 100కు పడిపోతే అదే బలం 970 కిలోలకు దిగిపోతుంది. గొర్రును లేపే బండి రోటావేటరును లేపలేకపోవడానికి ఒక కారణం ఇదే. రోటావేటరు బరువు ఎక్కువ. పైగా ఆ బరువు లింకుల చివరకన్నా ఇంకా వెనక్కి పడుతుంది.

ముందు ప్రాణం, తర్వాతే పని

లేపి ఉన్న పనిముట్టు కిందికి దూరి చూడరాదు. ఇంజను ఆపినా, లివరు పైనే ఉన్నా నమ్మడానికి లేదు. లోపల ఒక్క రబ్బరు రింగు తెగితే చాలు, వందల కిలోల ఇనుము ఒక్కసారిగా మీద పడుతుంది. తప్పనిసరిగా కింద చేయి పెట్టాల్సి వస్తే గట్టి కొయ్య దిమ్మెలు పెట్టి, బరువంతా వాటి మీదకు దించాకే పెట్టాలి.

పైపు ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడకూడదు. సన్నని రంధ్రం నుంచి ఒత్తిడితో చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపించినా లోపల కండ కుళ్లి వేలు, చేయి తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. కారుతున్న చోటు తెలుసుకోవడానికి అట్టముక్కను కాస్త దూరంగా అడ్డుపెట్టి చూస్తే సరిపోతుంది. ఏ పైపు విప్పాలన్నా ముందు పనిముట్టును నేలకు దించి, ఇంజను ఆపి, లివరును రెండు మూడుసార్లు కదిపి ఒత్తిడి పోగొట్టాలి.

పానా పట్టకముందు చూడాల్సినవి

1. నూనె మట్టం: బండిని చదునైన చోట నిలిపి, పనిముట్టును దించి, ఇంజను ఆపి, కాసేపయ్యాక గేజి కడ్డీతో చూడాలి. వాలులో చూస్తే లెక్క తప్పుతుంది. టిప్పర్ ట్రాలీ కట్టే బండ్లలో కొంత నూనె ట్రాలీ జాకీలోకి పోతుంది కాబట్టి ట్రాలీ విప్పాక మళ్లీ చూసుకోవాలి.

2. ట్రాలీ పిడి: నూనెను లిఫ్టుకు పంపాలా, బయటి పైపుకు పంపాలా అన్నది తేల్చే పిడి ఇది. ట్రాలీ పని అయ్యాక దీన్ని లిఫ్టు వైపు తిప్పడం మరచిపోతే పంపు ఎంత బాగున్నా లిఫ్టు లేవదు.

3. లివర్లు: పొజిషన్ కంట్రోలు, డ్రాఫ్ట్ కంట్రోలు అని రెండు లివర్లుంటాయి. ఒకదాన్ని వాడేటప్పుడు రెండోది ఎక్కడ ఉండాలో ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. రెండోది తప్పు చోట ఉంటే లిఫ్టు సగంలోనే ఆగుతుంది.

4. పంపు తిరుగుతోందా: కొన్ని పాత నమూనాల్లో పీటీవో లివరు వేస్తేనే పంపు తిరుగుతుంది. అలాంటి బండ్లలో లివరు వేయకపోతే లిఫ్టు ఉలకదు, పలకదు.

5. బరువు: పనిముట్టు విప్పి ఉత్త లింకులు లేస్తాయేమో చూడాలి. ఉత్తవి చురుగ్గా లేచి, బరువుతో లేవకపోతే లోపం ఒత్తిడిలో ఉన్నట్టు. ఉత్తవి కూడా లేవకపోతే నూనె అందడం లేదన్నమాట.

లక్షణాన్ని బట్టి లోపం

పొద్దున నెమ్మది, మధ్యాహ్నం బాగు: చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉంటుంది. జాలీ సగం పూడుకుంటే చిక్కటి నూనె దాని గుండా పోలేదు. పంపు కీచుమని మూలుగుతుంది కూడా. జాలీ విప్పి డీజిలుతో కడిగి, ఆరబెట్టి బిగించాలి. కాగితపు ఫిల్టరయితే కడగకూడదు, మార్చాల్సిందే.

పొద్దున బాగు, మధ్యాహ్నం నెమ్మది: ఇది పై దానికి తలకిందులు. వేడికి నూనె పలచబడి, అరిగిన సందుల్లోంచి జారిపోతోందన్నమాట. పంపు, వాల్వు, పిస్టన్ రింగుల్లో ఏదో ఒకటి అరిగి ఉంటుంది. మెకానిక్కును పిలవాల్సిందే. అయితే ముందుగా నూనె సరైన రకమేనా అన్నది చూసుకోవాలి.

నూనెలో నురగ, లిఫ్టు కుదుపులు: పంపు నూనెతోపాటు గాలి పీలుస్తోంది. నూనె తక్కువగా ఉండవచ్చు. పంపుకు నూనె తెచ్చే పైపు కీలు దగ్గర వాషరు పాడై ఉండవచ్చు. అక్కడ నూనె బయటికి కారకపోయినా గాలి లోపలికి పోతుంది.

ఇంజను నడుస్తుండగా గొర్రు తలూపడం: లేపి ఉంచిన గొర్రు కాస్త దిగి, మళ్లీ దానంతటదే లేస్తూ ఉంటుంది. లోపల నూనె కారి గొర్రు జారితే, వాల్వు దాన్ని గుర్తించి మళ్లీ నూనె పంపుతుంది. అందుకే ఈ ఊపు.

ఇంజను ఆపితే జారడం: దీన్ని కొలవవచ్చు. గొర్రును పూర్తిగా లేపి ఇంజను ఆపి, లింకు చివర నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసుకోవాలి. పది నిమిషాలకు మళ్లీ కొలవాలి. చాలా ట్రాక్టర్లలో సీటు కింద, గొర్రు దిగే వేగాన్ని తగ్గించే గుండీ ఉంటుంది. అది వాల్వుకు, సిలిండరుకు నడుమ ఉండే బండ్లలో దాన్ని పూర్తిగా బిగించి ఇంకోసారి కొలవాలి. అప్పుడు జారడం ఆగితే లోపం వాల్వు వైపు. అప్పుడూ జారుతూనే ఉంటే పిస్టన్ రింగు పోయినట్టు. ఈ ఒక్క కొలతతో మెకానిక్కు ఏది విప్పాలో, ఏది విప్పనక్కర్లేదో తేలిపోతుంది.

లేచింది, దిగడం లేదు: ముందు పైన చెప్పిన గుండీనే చూడాలి. రోడ్డు మీద పోయేటప్పుడు బిగించి మరచిపోయి ఉంటారు. అది కాకపోతే వాల్వు పట్టేసి ఉండవచ్చు. ఇనుపకడ్డీతో కొట్టి దించే ప్రయత్నం చేయరాదు.

దమ్ములో తిరిగే బండ్లకు

వరి దమ్ములో బురదనీరు ఇరుసుల దాకా వస్తుంది. సీళ్లు అరిగితే ఆ నీరు నూనెలో కలుస్తుంది. గేజి కడ్డీకి అంటిన నూనె మజ్జిగలా తెల్లగా కనిపిస్తే నీరు చేరినట్టే. అనుమానముంటే కాలిన ఇనుప రేకు మీద రెండు చుక్కలు వేసి చూడాలి. చిటపటలాడితే నీరున్నట్టు. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లవారి కింది బిరడాను కాస్త వదులు చేస్తే అడుగున పేరిన నీరు ముందుగా కారుతుంది. అంతటితో సరిపెట్టుకోకూడదు. మజ్జిగలా మారిన నూనెను పూర్తిగా తీసేసి, జాలీ కడిగి, సీలు మార్చి, కొత్త నూనె పోయాలి. సీలు మార్చకుండా నూనె మారిస్తే కొత్త నూనె కూడా పాడవుతుంది. ఆలస్యం చేస్తే లిఫ్టుతోపాటు గేరుబాక్సు బేరింగులూ తుప్పుపడతాయి.

చేయకూడని పనులు

బరువు లేవడం లేదని రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద అదనంగా వాషరు వేయించడం కొన్నిచోట్ల అలవాటు. ఆ రోజుకు గొర్రు లేస్తుంది. తర్వాత పైపు పగలవచ్చు, సిలిండరు లేదా లిఫ్టు మూత బీటలు తీయవచ్చు. వాషరుకు రూపాయలయితే మూతకు వేలవుతాయి.

ఇంజనులోంచి తీసిన నల్లనూనెను లిఫ్టులో పోయరాదు. అందులోని మసి, ఇనుప రజను వాల్వును అరగదీస్తాయి. పుస్తకంలో చెప్పిన రకాన్నే, మూత తీయని డబ్బా నుంచి, శుభ్రమైన గరాటుతో పోయాలి. రెండు రకాల నూనెలు కలపరాదు.

గొర్రు పూర్తిగా లేచాక కూడా లివరును లాగి పట్టుకోకూడదు. బుస్సుమనే శబ్దం వస్తే రిలీఫ్ వాల్వు తెరుచుకుందని అర్థం. అలాగే ఉంచితే నూనె కాగిపోతుంది. లివరును కాస్త వెనక్కి తెస్తే శబ్దం ఆగుతుంది.

అద్దెకు తెచ్చుకునేటప్పుడు

గంటకింత అని డబ్బిచ్చేటప్పుడు బండి చేలో దిగకముందే లిఫ్టును రెండుసార్లు లేపి దించమని అడగాలి. దిగువలో తలూపే గొర్రు చాలులో కూడా ఒకే లోతున నడవదు. ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన దున్నితే విత్తనం ఎగుడుదిగుడుగా పడి మొలక సమంగా రాదు. చాళ్ల మొదట్లో, మధ్యలో, చివర పుల్ల గుచ్చి లోతు చూసుకోవడం రైతు హక్కు. 'అదంతే' అంటే ఒప్పుకోనక్కర్లేదు. లిఫ్టు మొరాయించి ఆగిన సమయానికి అద్దె కట్టేదీ లేనిదీ ముందే మాట్లాడుకోవాలి.

సొంత బండి ఉన్నవారు చిన్న పుస్తకంలో నూనె పోసిన తేదీ, మీటరు గంటలు, జాలీ కడిగిన రోజు, జారుడు కొలత రాసుకోవాలి. జారుడు ఏటేటా పెరుగుతుంటే, వేసవిలో పనులు లేనప్పుడే విప్పించి రింగులు మార్పించుకోవచ్చు. ట్రాక్టర్ల వాడకం, మరమ్మతులు నేర్చుకోవాలనుకునే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ శిక్షణ ఇస్తోంది. ఊరికి ఒక్కరు నేర్చుకుని వచ్చినా పది కుటుంబాలకు పదును దక్కుతుంది.