వేట బూటు నోరు తెరిస్తే: చేయవలసినవి, చేయకూడనివి

వందల డాలర్లు పోసి కొన్న బూటు రెండో సీజనుకే మునివేళ్ల దగ్గర నోరు తెరిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే గానీ, దాని సంగతి ఇంటికి వచ్చాక చూసుకోవచ్చు. అమెరికాలోని కొలరాడోలోనో మోంటానాలోనో ఎల్క్ అనే పెద్ద జింక జాడ పట్టుకుని, బండి ఆపిన చోటు నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి వెళ్లినవాడికి అప్పుడు పట్టాల్సిన చింత వేరు. వేలాడే సోలు ఏ చెట్టు వేరుకో తగులుకుంటే మనిషి బోర్లా పడతాడు. వీపున మూట ఉంటుంది, చేతిలో తుపాకి ఉంటుంది. తుపాకి పట్టుకుని పడటం మామూలు పడటం లాంటిది కాదు.

బూటు అడుగున నేలను తాకేది రబ్బరు సోలు. దానికీ పైతోలుకూ మధ్య మెత్తటి మిడ్‌సోల్ ఉంటుంది. తోలు అడుగు అంచు చుట్టూ అంటించిన రబ్బరు పట్టీని రాండ్ అంటారు. రాళ్ల రాపిడి తోలుకు తగలకుండా, నీరు అతుకులోకి దిగకుండా అది అడ్డం పడుతుంది. అడుగున విబ్రామ్ అనే సోలు కంపెనీ పసుపుపచ్చ బిళ్ల కనిపించగానే చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ సోలుకు ఉన్న చరిత్ర చిన్నది కాదు. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లోని పుంటా రాసికా దగ్గర ఆరుగురు పర్వతారోహకులు చనిపోయాక, వారితో వెళ్లిన విటాలే బ్రమానీ పట్టు ఇచ్చే రబ్బరు సోలు కోసం పూనుకుని 1937లో సాధించాడు. అయితే ఆ బిళ్ల రబ్బరుకు పూచీ. ఆ రబ్బరును బూటుకు అంటించినవాడు మామూలుగా బూటు కంపెనీవాడు. ఊడేది ఆ అతుకు.

ఇంట్లో ఉండగానే

సీజనుకు కనీసం రెండు నెలల ముందు బూట్లు బయటికి తీసి చూడండి. సెప్టెంబరులో విల్లు పట్టేవాళ్లు, అక్టోబరు, నవంబరుల్లో రైఫిల్ పట్టేవాళ్లు అందరూ ఒకేసారి రిపేరు దుకాణాల మీద పడతారు. ఆఖరి వారంలో తీసుకెళ్తే ఆ సీజనుకు బూట్లు చేతికి రావు.

చూడటమంటే పైపైన చూడటం కాదు. మట్టి కడిగి, ఆరబెట్టి, బూటును చేత్తో మునివేళ్ల దగ్గర గట్టిగా వంచండి. వంగే చోట, రెండు పక్కలా, రాండ్ అంచు పైకి లేస్తుందేమో గమనించండి. పాత ఏటీఎం కార్డు మూల ఒకటి అంచు వెంట తిప్పండి. అది ఎక్కడ లోపలికి దూరితే అక్కడ జిగురు పోయినట్టే. తర్వాత మిడ్‌సోల్‌ను బొటనవేలి గోటితో నొక్కండి. నొక్కిన గుంట మళ్లీ పైకి రాకపోయినా, పగుళ్లు కనిపించినా, పొడి రాలినా ఆ బూటుతో కొండ ఎక్కవద్దు.

సోలు కొంచెం ఊడి ఉంటే, ఊడిన ముఖాలు రెండూ చూడండి. చాలామంది ఈ పని చేయకుండానే జిగురు కొనడానికి పరుగెడతారు. ఒక ముఖం మీద జిగురు పొర నున్నగా మెరుస్తూ, రెండోది ఖాళీగా ఉంటే అతుకు సరిగా పట్టలేదన్నమాట. అంటించేటప్పుడు గరుకు చేయకపోయి ఉండవచ్చు, దుమ్మో నూనో మిగిలి ఉండవచ్చు. అది తయారీ లోపం, దాన్ని బాగుచేయవచ్చు. అలా కాక రెండు ముఖాలకూ నురుగు ముక్కలు అంటుకుని ఉండి, వేలితో రుద్దితే పిండిలా రాలుతుంటే జిగురు తప్పేమీ లేదు. మిడ్‌సోలే చచ్చిపోయింది. దాని మీద ఎంత మంచి జిగురు పూసినా రాలిపోయే పిండికి అంటించినట్టే.

అలా చచ్చిపోవడానికి కారణం చాలాసార్లు తేమ. మిడ్‌సోల్ పాలీయురేథేన్ నురుగుతో చేసినదైతే గాలిలోని తేమ ఏళ్ల తరబడి దాని అణువుల గొలుసులను తెంపుతుంది. దీన్నే జలవిశ్లేషణ అంటారు. అరుదుగా వాడి, పెట్టెలో భద్రంగా దాచిన బూట్లే ముందు పోతాయి. రోజూ తొడిగి నడుస్తుంటే నురుగు నలిగి లోపలి తేమ కొంత బయటికి పోతుందని తయారీదారులు చెబుతారు. తయారైన అయిదు నుంచి పదేళ్లలో ఈ జబ్బు బయటపడటం మామూలు. అందుకే ఎప్పుడు కొన్నారన్నదాని కంటే ఎప్పుడు తయారైందన్నది ముఖ్యం. తేదీ చాలా బూట్లలో నాలుక లోపలి చీటీ మీద ఉంటుంది. తగ్గింపు ధరకు దొరికిన పాత సరుకు కొనేముందు ఆ చీటీ తప్పక చదవండి. ఈవీఏ నురుగుకు ఈ జబ్బు రాదు. అది వాడగా వాడగా అణిగిపోతుంది, అంతే.

బూట్లను ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టవద్దు. కారు డిక్కీలో, రేకుల షెడ్డులో, తడి గోడ పక్కన ఉంచవద్దు. వేసవిలో మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది, తోలు బిగుసుకుని రాండ్‌ను లాగుతుంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేటకు వీలు లేదు. కానీ ఇదే తరహా బూట్లు అమెరికాలోని బంధువుల చేత తెప్పించుకుని హిమాలయాల ట్రెక్కింగుకు వేసుకెళ్లేవాళ్లున్నారు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో నాలుగైదేళ్లు అటకెక్కిన జత కేదార్‌కంఠ మంచులో ఊడిపోతే విడ్డూరమేమీ లేదు. పై పరీక్షలన్నీ వాళ్లకూ వర్తిస్తాయి. బయలుదేరే ముందు కొన్ని వారాలైనా ఆ బూట్లతో, వీపున బరువు వేసుకుని, మెట్లో గుట్టో ఎక్కి దిగండి. ఊడేదేదో ఇంటి దగ్గరే ఊడనివ్వండి.

అంటించేటప్పుడు

గ్యారంటీ గడువు ఇంకా ఉంటే జిగురు ముట్టుకోవద్దు. సొంతంగా అంటించిన బూటును కంపెనీ వెనక్కి తీసుకోకపోవచ్చు. ముందు ఫొటోలు తీసి పంపి, జవాబు వచ్చాకే ఏదైనా చేయండి.

గడువు దాటితే చిన్న ఊడుళ్లను, ముఖ్యంగా రాండ్ అంచులను, ఇంట్లో అంటించుకోవచ్చు. ఫెవిక్విక్ లాంటి క్షణాల్లో పట్టే జిగుర్లు వద్దు. అవి గాజులా గట్టిపడతాయి, అడుగు వంగినప్పుడల్లా చిట్లుతాయి. పైగా ఆ గట్టి పొర గోకి తీయడం ప్రాణం మీదికొస్తుంది, తర్వాత అసలైన రిపేరుకు కూడా అడ్డు. చెప్పులు కుట్టేవాళ్లు వాడే సొల్యూషన్ కొనండి. లేదా బూట్ల కోసమే అమ్మే, ఆరాక కూడా సాగే యురేథేన్ జిగురు కొనండి.

రెండు ముఖాలనూ గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తోలుకు పట్టించిన మైనం, నూనె అతుకు దగ్గర ఏ కాస్త మిగిలినా పని చెడుతుంది. సొల్యూషన్ అయితే రెండు వైపులా పలుచగా పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు కలపండి. తడిగా ఉన్నప్పుడే కలిపేయడం అందరూ చేసే తప్పు. కలిపాక చాలాసేపు బరువు పెట్టి ఉంచడం కంటే ఆ మొదటి నొక్కుడు బలంగా ఉండటం ముఖ్యం. సుత్తితో అంచు వెంట తట్టండి. యురేథేన్ జిగురు తీరు వేరు. దానికి ఒక రాత్రి, చలికాలమైతే ఇంకా ఎక్కువసేపు, తాడు చుట్టి కదలకుండా ఉంచాలి.

ఈ పని వంటింట్లో చేయవద్దు. సొల్యూషన్ ఆవిరి అంటుకుంటుంది, తల తిప్పుతుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి, సిగరెట్టుకు, పిల్లలకు దూరంగా చేయండి. చేతికి తొడుగులు వేసుకోండి.

మడమ దగ్గర గానీ ముందు భాగంలో గానీ సోలు సగం దాకా ఊడితే ఇంటి వైద్యం మానేసి దుకాణానికి ఇవ్వండి. కుట్టు వేసిన బూట్లకు, విడిగా చేసిన సోలును అంటించిన బూట్లకు కొత్త సోలు వేస్తారు. అచ్చులో కరిగించి పోసిన సోలైతే చాలాచోట్ల వేయరు. బూటు కొనేటప్పుడే ఈ సంగతి అడగడం మేలు.

కొండ మీద ఊడితే

ఆగండి. ఎల్క్ ఎదురుగా ఉన్నా సరే. సోలు టపటపలాడుతుండగా ఇంకో నాలుగడుగులు వేద్దామనిపించే క్షణమే ప్రమాదకరమైనది. తుపాకి గొట్టం మనుషులు లేని దిక్కుకు తిప్పి, చాంబర్‌లో తూటా తీసేసి, పక్కన భద్రంగా పెట్టి, అప్పుడు కూర్చుని బూటు చూడండి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరైనా కొలరాడోలో వేట లైసెన్సు కొనాలంటే వేట భద్రత కోర్సు చేసి ఉండాలి. తుపాకి గొట్టం ఎటుందో ఎప్పుడూ తెలిసుండాలన్నది ఆ చదువులో తొలి పాఠాల్లో ఒకటి. కాలు నిలవని నేల మీద తూటా ఎక్కించిన తుపాకితో నడవకూడదన్నదీ అంతే.

రాండ్ మాత్రమే లేచి ఉంటే కంగారు పడనక్కర లేదు. ఇసుక, మంచు లోపలికి దూరి చీలికను పెద్దది చేయకుండా తుడిచి, ఆరబెట్టి, డక్ట్ టేప్ చుట్టండి. తడి మీద టేపు అంటదు. టేపు చుట్టిన అడుగు తడి బండల మీద జారుతుందని గుర్తుంచుకుని నడవండి.

సోలు ఊడితే తాడే నమ్మకం. సన్నటి నైలాన్ తాడు గానీ, స్కీలు బిగించే సాగే పట్టీలు గానీ రెండు చోట్ల కట్టండి. ఒకటి మునివేళ్ల మీదుగా, రెండోది మడమకు ముందున్న గుంటలోంచి చీలమండ పైకి. ఆ గుంటలోని తాడు నేలకు తగలదు కాబట్టి అరగదు. మునివేళ్ల కింది తాడు అరిగిపోతుంది, దానికి బదులు ఇంకోటి జేబులో ఉండాలి. సోలు మీది గాళ్లలో తాడు ఇమిడేలా చూసుకోండి. మంచు దూరకుండా తొడిగే గేటర్లు ఉంటే వాటి అడుగు పట్టీ కూడా సోలును పట్టి ఉంచుతుంది. మరీ బిగించవద్దు. వేళ్లు తిమ్మిరెక్కితే, చలిలో రక్తం ఆడక ఇంకో ఆపద తెచ్చుకున్నట్టే.

సోలు పూర్తిగా ఊడి చేతికి వస్తే పారేయకండి. మళ్లీ కిందే పెట్టి కట్టేయండి. రెండో బూటు కూడా ఒకసారి చూసి, ముందుజాగ్రత్తగా దానికీ ఒక కట్టు వేయండి. రెండూ ఒకే రోజు తయారైనవే, ఒకే తేమ తాగినవే.

ఇక ముందుకు వెళ్లడమా, తిరగడమా? నా లెక్కలో తిరగడమే. రాళ్ల జారుళ్లు, వాగులు, మంచు గట్టిపడిన వాలులు ఉన్న దగ్గరి దారి వదిలి, దూరమైనా చదునైన దారి పట్టండి. వేట అప్పటికే ముగిసి ఉంటే మాంసం మోసుకుపోదామన్న ఆశ లాగుతుంది. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు దాటవచ్చు. ఎముకతో సహా ఒక వెనక తొడే 25, 30 కిలోలు తూగుతుంది. తాడుతో కట్టిన బూటు మీద ఆ బరువు మోయవద్దు. మాంసాన్ని గుడ్డ సంచుల్లో కట్టి నీడన, గాలి తగిలేలా ఎత్తుగా వేలాడదీసి, తోటివారిని తోడు పిలవండి. మోంటానాలో గ్రిజ్లీ ఎలుగులు తిరిగే చోట మాత్రం ఆ సంచుల పక్కనే కూర్చుని ఎదురుచూడవద్దు.

రాత్రి గుడారం దగ్గర బూట్లను మంట పక్కన పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మిగిలిన కాస్త జిగురూ కరుగుతుంది. మేజోళ్లు మార్చి, బూటు లోపలి అట్టలు తీసి, పొడి గుడ్డ కుక్కండి. ఊడిన సోలు ఒక్కదానికే ఉపగ్రహ పరికరం మీద ఎస్‌ఓఎస్ నొక్కనక్కర లేదు. చీలమండ మడత పడి నడవలేకపోయినా, తడి కాలితో గడ్డకట్టే రాత్రిలో చిక్కుకున్నా మొహమాటం లేకుండా నొక్కండి. 2022 నుంచి ఐఫోన్ 14లోనూ ఆ సదుపాయం ఉంది. వెళ్లే ముందు దాన్ని వాడటం నేర్చుకుని ఉంటే చాలు.

తిరిగొచ్చాక

మట్టి, రక్తం చన్నీళ్లతో కడిగేయండి. లోపల పాత పేపర్లు కుక్కి, తడిసినప్పుడల్లా మారుస్తూ, నీడలో ఆరబెట్టండి. తోలుకు మైనం పట్టించండి గానీ, రాండ్ అతుకు మీదికి పోనీయకండి. నూనె జిగురును మెల్లగా తినేస్తుంది.

కంపెనీకి రాసేటప్పుడు తిట్లు తగ్గించి వివరాలు పెంచండి. కొన్న రసీదు, తయారీ తేదీ ఉన్న చీటీ, ఊడిన రెండు ముఖాలూ దగ్గరగా కనిపించే ఫొటోలు, మొత్తం బూటు ఫొటో, సోలు గాళ్లు ఎంత అరిగాయో తెలిపే ఫొటో జతచేయండి. గాళ్లు కొత్తగా ఉండి అతుకు ఊడిందంటే అది అరుగుదల కాదని ఆ ఫొటోయే చెబుతుంది. తాళ్లు, టేపు విప్పకముందు కూడా ఒకటి తీయండి. వాళ్లు అడిగేదాకా బూట్లు పార్సిల్ చేయవద్దు, బాగా కడగనిదీ పంపవద్దు.