తేలిక కొయ్యకు తగిన జిగురు

గత వర్షాకాలములో మా కళాశాల విజ్ఞాన ప్రదర్శనకు ఇంటర్మీడియట్ విద్యార్థులు కొందరు బాల్సా కొయ్యతో ఒక గ్లైడరు నమూనాను తయారుచేశారు. తెలుగు బోధించే మాకు ఆ విభాగపు పర్యవేక్షణ ఎట్లు దక్కినదో ప్రిన్సిపాలుగారికే తెలియవలెను. ప్రదర్శన నాటి ఉదయము చూచుసరికి రెక్క అప్పడమువలె వంకర తిరిగి ఉన్నది. ఎట్లో సరిచేసి కమిటీ పెద్దల ఎదుట ఎగురవేయగా, నేల తాకీ తాకకముందే తోక అతుకు దగ్గర నున్నగా ఊడి పడినది. తప్పు పిల్లలది కాదు. "గట్టిగా అంటుకొనేది ఏదైనా తెచ్చుకోండి" అని చెప్పినది మేమే.

ఆ మాటలోనే పొరపాటు ఉన్నది. బాల్సా దక్షిణ అమెరికా చెట్టు. స్పానిష్ భాషలో ఆ మాటకు తెప్ప అని అర్థము. కొయ్య మిక్కిలి తేలిక, మెత్తన. అతుకు ఆ కొయ్యకన్న కొంచెము గట్టిగా ఉన్న చాలును. అంతకు మించిన జిగురంతా మోతబరువే. రెక్కకు పిల్లలు ధారాళముగా పూసిన తెల్ల జిగురు నీటితో కలిసినది. పలుచని పలక ఆ నీటిని ఒక వైపే త్రాగి ఉబ్బినది, వంగినది. తోకకు వాడినది క్షణములో పట్టు సయనోఅక్రిలేట్. అది గాలిలోని, కొయ్యలోని తేమతోనే గట్టిపడును. కాని ఆ గట్టిదనము పెళుసు, దెబ్బకు ఓర్వదు. దాని ఆవిరి కండ్లకు మంట కూడ.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 2016లో జిల్లాల పునర్విభజన జరుగువరకు వరంగల్లు జిల్లాలోనే ఉండిన చేర్యాలలో నకాషీ చిత్రకారులు చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీస్తారు. దానిలో రంపపు పొట్టు కలిపి ముఖాలు, బొమ్మలు మలుస్తారు. కొండపల్లిలోను తెల్ల పొణికి కొయ్యతో చేసిన బొమ్మల కాళ్లు చేతులను అతుకునది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే. ఇందులోని తెలివిని గమనించవలెను. అతుకులోను కొయ్య పొట్టే ఉన్నందున ఆరిన తరువాత అదియు కొయ్యతోపాటు సమముగా అరుగును. తెల్ల జిగురు అట్లు కాదు. గరుకు కాగితముతో రుద్దగా రబ్బరువలె సాగి, చుట్టునున్న కొయ్యనే గుంట చేయును. వడ్రంగుల సరేసు కూడ పాతదే. ఆ మాట పారశీకము నుండి ఉర్దూ మీదుగా తెలుగునకు వచ్చినది; తెలుగువారిలో చాలమంది అది తమ మాటే అనుకొందురు, మేమును కాదనము.

అయితే సరేసునకు, చింతగింజలకు తేమయే శత్రువు. దీనికి పెద్ద ఉదాహరణ 1940లో తొలిసారి ఎగిరిన బ్రిటిషు మస్కిటో యుద్ధవిమానము. దాని మొండెము రెండు ప్లైవుడ్ పొరల నడుమ బాల్సాను ఇరికించి కట్టినది. తొలుత వాడిన జిగురు పాల నుండి తీసిన కేసీన్. ఉష్ణదేశపు ఉక్క దానికి పడలేదు. తరువాత యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురునకు మారినారు. అయినను 1944లో భారతదేశములో కొన్ని మస్కిటోల రెక్కలు గాలిలోనే విరిగినవి. తనిఖీలో అతుకులలో లోపములు బయటపడినవి. మంచి జిగురు ఉన్నంత మాత్రమున కూర్పులోని అశ్రద్ధ కప్పబడదు.

కనుక ఒకే నమూనాలో రెండు మూడు జిగురులు వాడుట తప్పు కాదు. పొడవైన అతుకులకు తెల్ల జిగురును వ్రేలితో పలుచగా పూసి, మిగిలినది తుడిచి, గుండుసూదులతో బిగించి, ఒక పగలు ఒక రాత్రి బరువు క్రింద ఉంచవలెను. కొయ్య కొనభాగము జిగురును పీల్చుకొనును. అక్కడ ఒక పూత ఆరిన తరువాత రెండవ పూత వేసి అతకవలెను. రెక్కలు మొండెమును కలియు చోట, దెబ్బ తగులు చోట మాత్రమే ఎపాక్సీ. అది బరువైనది, ఒక చుక్క ఎక్కువైనను తెలిసిపోవును. క్షణపు జిగురును బిగించుటకు వీలులేని చిన్న ముక్కలకు ఉంచుకొనవలెను.

ప్రదర్శన ముగిసిన వారము పిల్లలు చెక్క పీలికలను ఒక్కొక్క జిగురుతో అతికి, మరునాడు వరండాలో చేతులతో విరిచి చూచారు. అతుకు ప్రక్కన కొయ్య విరిగినచో జిగురు చాలినట్లే. తెల్ల జిగురు నెగ్గినది. చింతగింజల జిగురు కూడ నెగ్గినది. కాని కిటికీలో మరచిన దాని రెండవ పీలిక మూడవ నాటికి ముసురులో బూజు పట్టినది. దానిని పారవేయక చీటీ అంటించి బీరువాలో ఉంచాము. ఆ చీటీ అంటించినదియు చింతగింజల జిగురుతోనే.