నక్షత్రం కట్టాలా, వద్దా?

సమస్య

అక్కా, మాది మెదక్ దగ్గర పల్లె. మొన్న జూన్‌లో మా ఆయన గుండెపోటుతో పోయారు. పొలం నుంచి వచ్చి మంచినీళ్లు అడిగి, తాగకుండానే కూలబడ్డారు. ఇప్పుడు ఇంట్లో అత్తమ్మ, ఇంటర్ రెండో సంవత్సరం చదివే బాబు, తొమ్మిదో తరగతి పాప, నేను ఉంటాం.

డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో ఎంత సందడో! క్యారల్స్‌కి డోలక్ మా ఆయనే. ఊరంతా తిరిగి, గొంతు బొంగురుపోయి, అర్ధరాత్రి దాటాక వచ్చేవారు. పండగనాడు కోడి కూయకముందే అందర్నీ లేపి మెదక్ చర్చికి తీసుకెళ్లేవారు. ఈసారి అత్తమ్మ “ఏడాది తిరిగేదాకా స్టార్ కట్టేది లేదు, పిండివంటలు లేవు, క్యారల్స్ వాళ్లొస్తే గేటు తీయొద్దు” అంది. పాప అటక మీది స్టార్ దించి, దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేసింది. డోలక్ వాయించడానికి రమ్మని బాబుని పిల్లలు అడిగారట. వాడు ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చి పడుకున్నాడు.

అన్నిటికంటే నన్ను కోస్తున్నది వేరే ఉంది. సంఘంలో ఒక పెద్దమనిషి “విశ్వాసి ఎప్పుడూ ఆనందించాలి. ఇంకా ఇలా ఏడుస్తుంటే నిరీక్షణ లేనివాళ్లకీ నీకూ తేడా ఏముంది?” అన్నారు. ఆరాధనలో కీర్తన ఎత్తుకోగానే నా గొంతు పెగలడం లేదు. రాత్రి మూడింటికి మెలకువొస్తే మళ్లీ నిద్ర లేదు. దేవుడి మీద కోపం లేదక్కా. సంతోషమే రావట్లేదు. నాకు విశ్వాసం తగ్గిందా? ఈ పండగ ఎట్లా గడపాలి?

– ఒక సోదరి, మెదక్ జిల్లా

సలహా

చెల్లెమ్మా, ముందు ఆ పెద్దమనిషి మాట సంగతి చూద్దాం.

ఎప్పుడూ ఆనందించమని పౌలు ఫిలిప్పీయులకు రాసింది నిజమే. సంకెళ్లలో ఉండి మరీ రాశాడు. కానీ అదే పత్రిక రెండో అధ్యాయం తీసి చూడండి. ఎపఫ్రొదితు అనే తోటి పనివాడు జబ్బుపడి చావు దాకా వెళ్లొచ్చాడు. దేవుడు అతన్ని బతికించి, తనకు దుఃఖం మీద దుఃఖం రాకుండా కాపాడాడని పౌలే చెప్పుకున్నాడు. అతను పోయుంటే పౌలు ఏడ్చేవాడే కదా! నిరీక్షణ లేనివాళ్ల సంగతి థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలోది. ఆశ చచ్చిపోయినట్టు దుఃఖపడొద్దని అక్కడ చెప్పాడు గానీ, అసలు దుఃఖమే వద్దనలేదు. లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఏడ్చేవాళ్లతో కలిసి ఏడవమని రోమా పత్రిక మనకు చెప్పింది. ఆ పని సంఘం మీకు చేయాల్సి ఉంది.

మీకు విశ్వాసం తగ్గలేదు, చెల్లెమ్మా. మీ భర్త పోయారు. ఆరు నెలలంటే నిన్నమొన్నటి మాట.

క్రిస్మస్ కథలో మీకు చోటు లేదని అనిపిస్తోందేమో. లూకా రెండో అధ్యాయం చివరి దాకా చదవండి. గొర్రెల కాపరుల దగ్గరే ఆపేయడం మనకు అలవాటైపోయింది. దేవాలయంలో ఆ పసిబిడ్డను గుర్తుపట్టిన ఇద్దరిలో ఒకరు అన్న అనే ప్రవక్త్రి. పెళ్లయిన ఏడేళ్లకే భర్త పోయినావిడ. పండు ముసలితనంలో ఆ బిడ్డ సంగతి అందరికీ చెప్పింది. రెండో ఆయన సుమెయోను. బిడ్డను చేతుల్లోకి తీసుకుని దేవుణ్ణి స్తుతించి, ఆ నోటితోనే నీ గుండెలోకి ఖడ్గం దూసుకుపోతుందని మరియకు చెప్పాడు. మత్తయి సువార్తలోనైతే బేత్లెహేము తల్లుల ఏడుపు వినిపిస్తుంది. ఇదంతా క్రిస్మస్ కథే.

దుఃఖం పక్కనే పండగ ఉంటుందని మీ మెదక్ చర్చి కూడా చెబుతుంది. కరువు రోజుల్లో జనానికి పని, కూడు దొరకాలని మిషనరీ పోస్నెట్ దొరగారు పెట్టించిన కట్టడం అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆకలితో ఉన్న చేతులు మోసిన రాళ్ల మధ్యే మన పండగ జరుగుతోంది. లోపల రంగుటద్దాల కిటికీలు చూసే ఉంటారు. ఒకదానిలో యేసు పుట్టుక, ఒకదానిలో సిలువ, ఒకదానిలో ఆరోహణం. చీకటితో వెళ్లే ఆరాధనలో వాటి రంగులు తెలియవు, బయట ఎండ ఉండాలి. ఈసారి పండగ రద్దీలో వెళ్లే ఓపిక లేకపోతే మానేయండి, పాపమేం లేదు. జనం తగ్గాక ఒక మామూలు రోజు పొద్దెక్కి పిల్లలతో వెళ్లి, ఆ పుట్టుకనూ సిలువనూ కలిపి చూడండి. వాళ్ల నాన్న గురించి అక్కడ కూర్చుని మాట్లాడుకోండి.

యేసు పుట్టిన ఆ రాత్రి గొర్రెల కాపరులు కూడా సంతోషంతో ఎదురుచూడలేదు. గడగడలాడారు. దూత ముందు వాళ్ల భయం తీర్చి, ఆ తర్వాతే సంతోషవార్త చెప్పాడు. సంతోషాన్ని మీరు తయారుచేసి దేవుడి ముందు పెట్టాల్సిన పని లేదు. ఆయన తెస్తాడు, మీ ఇంటికే తెస్తాడు. దీన్ని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ డిసెంబరులో పాట రాకపోతే కీర్తన పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. మీ బదులు పక్కనున్నవాళ్లు పాడతారు. సంఘం ఉన్నది అందుకే.

ఇక అత్తమ్మ. ఏడాది పండగ చేయకపోవడం మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్న ఆనవాయితీ. బైబిల్ పెట్టిన నియమం కాదు. అయినా వాక్యం తీసి ఆవిడతో వాదించకండి. మీకు భర్త పోయారు, ఆవిడకు కడుపున పుట్టిన కొడుకు పోయాడు. పక్కన కూర్చుని “చిన్నప్పుడు క్రిస్మస్‌కి ఏం అల్లరి చేసేవాడు అత్తమ్మా?” అని అడగండి. గేటు మాట తర్వాత తీయండి. నన్నడిగితే స్టార్ కట్టాల్సిందే. అది ప్రభువు పుట్టాడని చెప్పే గుర్తు, మన దుఃఖం తీరిపోయిందని ఎవరూ అనుకోరు. సీరియల్ లైట్లు, పిండివంటలు ఈ ఏడాదికి మానుకోవచ్చు. ఆవిడ అస్సలు ఒప్పుకోకపోతే పాప చదువుకునే గదిలో కట్టండి.

క్యారల్స్ వాళ్లకు ముందే కబురు పంపండి: రండి, ఒక పాత కీర్తన నెమ్మదిగా పాడి, ప్రార్థన చేసి వెళ్లండి అని. వాళ్లూ మీ ఆయన్ని పోగొట్టుకున్నవాళ్లే. గేటు మూసి ఉంటే ఎటూ తోచక బయటే నిలబడిపోతారు.

బాబుని డోలక్ వాయించమని ఎవరూ బలవంతపెట్టకూడదు. “ఇంటికి పెద్దదిక్కువి ఇక నువ్వే” అనే మాట ఎవర్నీ అననీయకండి. పదిహేడేళ్ల పిల్లాడు మోయలేడు. వాయిస్తానంటే పంపండి, వద్దంటే డోలక్ వాడి గదిలోనే ఉండనివ్వండి. మీకు నిద్ర లేదన్నారు, వాడు ఏమీ చెప్పకుండా పడుకున్నాడన్నారు. ఇద్దరూ ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థనతో పాటు ఇది కూడా కావాలి.

ఒక్క పని ఇవాళే చేయండి. ఇరవై ఐదున ఎలాగూ నలుగురు వస్తారు. ఇల్లు బోసిపోయేది ఇరవై ఆరున. ఆ రోజు మధ్యాహ్నం మీ ఇంట్లోనే అన్నం తినడానికి సంఘంలోని స్త్రీల మైత్రిలో మీకు దగ్గరైన ఇద్దర్ని ఇప్పుడే పిలిచి పెట్టుకోండి. కూరలు వాళ్లనే తెమ్మనండి.