జాగీరు ఊరి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మాది శామీర్‌పేట ప్రాంతం. మా భూమి ఒకప్పుడు జాగీరులో ఉండేదని తాతయ్య అనేవారు. చరిత్రకారులు ఇలాంటివి ఎలా తేలుస్తారండీ?

జవాబు: ముందు ఆ ఊరు ఎవరి కింద ఉండేదో చూస్తారు. నిజాం రాజ్యంలో దాదాపు 60 శాతం భూమి దివానీ (ప్రభుత్వమే నేరుగా శిస్తు వసూలు చేసేది), 30 శాతం జాగీర్లు (శిస్తు హక్కు జాగీర్దార్లకు ఇచ్చినవి), మిగిలింది నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్. మీ దగ్గరి మేడ్చల్ తాలూకా ఆ సర్ఫెఖాస్ జిల్లా అత్రాఫ్-ఎ-బల్దాలోనిదే. అయినా పక్కపక్క ఊళ్ల హక్కులు ఒకేలా ఉండేవి కావు, అందుకే ఊరూరా వెతకాలి.

1949లో సర్ఫెఖాస్ ప్రభుత్వంలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్ల రద్దు ఫలితాలపై ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో పుస్తకం 1958లో వచ్చింది. జాగీర్దారు పోయాక కౌలుదారుకు ఏం దక్కిందని అడిగిన పరిశోధన అది. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. సనదులు (జాగీరు ఇచ్చిన పత్రాలు) జాగీర్దారు పేరే చెబుతాయి, దున్నినవాడి పేరు చెప్పవు.

మీరు సేత్వార్ (సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు), 1954–55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్ల వారీ భూమి రికార్డు) నకళ్లతో మొదలుపెట్టండి. పట్టాదారు గడితో ఆగకుండా సాగుదారు గడి కూడా చదవండి. పాత ఫార్సీ, ఉర్దూ దస్త్రాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఊళ్లో పెద్దవాళ్లుంటే, ఈలోగా వాళ్ల మాటలు రాసిపెట్టుకోండి.