ఓబీ గుట్టలపై ఏ చెట్టు?

గోదావరిఖని, రామగుండం ఓపెన్‌కాస్టు గనుల్లో తవ్విపోసిన మట్టి (ఓబీ) గుట్టలపై సింగరేణి మొక్కలు పెంచుతోంది. ఏ మొక్క నాటామన్నదే అసలు విషయం. సర్కారు తుమ్మ అమెరికా ఖండాల జాతి. దాని కాయలు మేసిన మేకల పెంటికల్లో, పశువుల పేడలో గింజలు చెక్కుచెదరకుండా బయటపడి, ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి దానికి దగ్గరి చుట్టమే గానీ మన నేలది. కాబట్టి గుట్టలపై సర్కారు తుమ్మ బదులు వేప, నేరేడు, కానుగ నాటాలి. ముదిరిన చెట్టు తొర్రలో రాష్ట్ర పక్షి పాలపిట్ట గూడు పెడుతుంది.

సర్కారు తుమ్మలాగే బయటి నుంచి వచ్చి వ్యాపించిన మరో ఆక్రమణ జాతి వయ్యారిభామ (పార్థీనియం) కలుపు. దాని అదుపు కోసం, ఆకులు తినే మెక్సికో పెంకుపురుగు జైగోగ్రామాను 1984లో బెంగళూరులో వదిలారు.

కున్‌మింగ్-మాంట్రియల్ ప్రపంచ జీవవైవిధ్య ఒప్పందం (2022) 6వ లక్ష్యం: 2030కల్లా ఇలాంటి ఆక్రమణ జాతుల రాక, స్థిరపడే వేగం కనీసం 50 శాతం తగ్గాలి.